సూపర్ హీరో వేసిన మూడు బోర్లు

మొన్న మార్కాపురం నుంచి ఇద్దరు పిల్లలు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగాలు రాలేదు, కాబట్టి సినిమా తీస్తున్నారు. ఫోనుతోనే తీస్తారట. సూపర్ హీరో సినిమా. "మామా, నువ్వు సినిమా హాల్లో పనిచేసినావంట గదా, ఇట్లాంటి బొమ్మలన్నీ చూసినావంట గదా, మా కథ ఒకసారి విను" అని నన్ను కూర్చోబెట్టారు. మా ఇంట్లో, మా కుర్చీలో, నన్నే కూర్చోబెట్టారు. ధైర్యం ఉన్న పిల్లలు, పైకొస్తారు.

కథేమిటంటే, పలకల గనిలో పనిచేసే కుర్రవాడికి లోతులో మెరిసే రాయి ఒకటి కనబడుతుంది. ముట్టుకుంటాడు. ఒంట్లోకి ఏదో పాకుతుంది. మర్నాటి నుంచి గాల్లో ఎగురుతాడు.

"ఎగిరి యాడికి పోతాడు?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "లోకాన్ని కాపాడతాడు మామా" అంది అమ్మాయి.

"లోకం సంగతి తర్వాత చూద్దాం తల్లీ. గిద్దలూరుకు పోవాలంటే బస్సుంది, రైలుంది. ఎగరాల్సినంత అవసరం ఏమొచ్చింది వానికి?"

అబ్బాయి మొహం మాడిపోయింది. ఫోనులో ఏదో రాసుకుంటున్నట్టు నటించాడు. నాకు జాలేసింది. అందుకే ఆ రోజు వాళ్లకు చెప్పిందంతా ఇక్కడ కూడా రాస్తున్నాను. ఇలాంటి కథలు రాయాలన్న దురద ఉన్న పిల్లలు ఇంకా ఎవరైనా ఉంటే పనికొస్తుంది, లేకపోతే నవ్వుకోవడానికైనా పనికొస్తుంది.

ముందే చెబుతున్నాను, నేను ఈ సినిమాలకు శత్రువును కాను. పిచ్చి అభిమానిని. పని మానేశాక మా ఆవిడ టీవీలో భక్తి చానల్ పెట్టుకుంటే, నేను పక్క గదిలో ఫోనులో వీళ్లను పెట్టుకుంటాను. ఇద్దరం చూసేది దేవుళ్లనే కదా అంటే ఆమె ఒప్పుకోదు. ఆమె దేవుళ్లకు చేతులు ఎక్కువ, నా దేవుళ్లకు కండలు ఎక్కువ, అంతకు మించి నాకు తేడా కనబడలేదు.

అయినా అభిమానం వేరు, గుడ్డితనం వేరు. ఈ హీరోలందరూ ఆకాశమంత మేడలున్న ఊళ్లలోనే ఎందుకు పుడతారు? వాళ్లలో ఒకణ్ణి తెచ్చి గిద్దలూరు బస్టాండు ముందు వదిలితే ఎక్కడ పట్టుకుని వేలాడతాడు? ఉన్నది ఒక నీళ్ల ట్యాంకు, ఒక సెల్ టవర్. టవర్ సగం ఎక్కేలోపే కింద నుంచి ఎవరో ఒకరు "ఏమప్పా, మా వీధిలో సిగ్నల్ ఎప్పుడిస్తావ్?" అని అడుగుతారు. ముసుగు సంగతి మరీ అన్యాయం. కళ్ల చుట్టూ బెత్తెడు గుడ్డ కట్టుకుంటే కన్నతల్లి కూడా గుర్తుపట్టదట! మా దగ్గర ఒకడు తలకు టవల్ చుట్టుకుని, మూతికి మాస్కు వేసుకుని, పైన హెల్మెట్ పెట్టుకుని బైకు మీద పోయినా, టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్లు "మేదర వీధి వాళ్ల రెండో అల్లుడు గదా, పొద్దున్నే ఎటు పోతాండాడు?" అంటారు. ఇక విలన్లు. ప్రతివాడికీ భూమండలం మొత్తం కావాలి. అంత భూమిని ఏం చేసుకుంటాడో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. మా వైపు విలన్‌కు అంత ఆశ ఉండదు. పక్కవాడి గట్టును జానెడు లోపలికి జరిపితే చాలు, ఆ జానెడు కోసం జన్మంతా కోర్టుకు తిరుగుతాడు. అట్లాంటివాణ్ణి రాయండి, జనం వణికిపోతారు.

ఇన్ని మాటలు చెప్పడానికి నీకేం హక్కుంది అంటారా? ఉంది. నేను కూడా ఒక సూపర్ హీరో కథ రాసినవాణ్ణే. కాగితం మీద కాదు, మైకులో.

నా ఉద్యోగం ప్రచారం. గిద్దలూరులో ఒక సినిమా హాలుకు పనిచేసేవాణ్ణి. ఆటోకు రెండు పక్కలా పోస్టర్లు కట్టుకుని, మైకు పట్టుకుని, చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అరవడం. చదువు అంతంతమాత్రమే గానీ గొంతు మాత్రం భగవంతుడు ధారాళంగా ఇచ్చాడు. రీళ్లు ఇంకా ఇనప పెట్టెల్లో వచ్చే రోజులవి. బొమ్మ శుక్రవారం విడుదలైతే పెట్టె కూడా శుక్రవారం పొద్దున్నే బస్సులో దిగేది. పోస్టర్లు మాత్రం ముందే వచ్చేవి, నా ప్రచారం కూడా ముందే మొదలు కావాలి. అంటే బొమ్మ చూడకుండానే కథ చెప్పాలి.

తెలుగు సినిమాకైతే చింత లేదు. హీరో పేరు చెబితే చాలు, కథ ఎవరూ అడగరు. ఇంగ్లీషు డబ్బింగు బొమ్మలతోనే చిక్కు. ఆ హీరో ఎవడో జనానికి తెలియదు, నాకూ తెలియదు. అందుకని పోస్టర్ చూసి కథ అల్లేవాణ్ణి. చేతిలో కత్తి ఉంటే తండ్రిని చంపినవాళ్ల మీద పగ. పక్కన ఆడపిల్ల ఉంటే మేనమామ కూతురు. పెద్ద బల్లి ఉంటే మునిశాపం. వీటిని అబద్ధాలు అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. పోస్టర్ వేసినవాడు సగం చెప్పాడు, మిగతా సగం నేను చెప్పాను. జనం కూడా ఏనాడూ గొడవ చేయలేదు, ఆ ఒక్క బొమ్మ దాకా.

హాల్లో నాతో పాటు ఆపరేటర్ ఉండేవాడు. మెషిన్ గదిలో రీళ్లు ఆడించే పని. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆ గది వేడికి ఎప్పుడూ బనీను మీదే ఉండేవాడు. డబ్బింగు బొమ్మలంటే ఆయనకు ఒళ్లు మంట. "చెడ్డీ తొడుక్కొని గాల్లో పోయేవాణ్ణి చూసేదానికి టిక్కెట్టు గూడా పెట్టినారు" అని తిట్టుకుంటూ, తెర వైపు చూడకుండానే రీళ్లు మార్చేవాడు. పైన సావుకారు. హాలు ఆయనదే, బజారులో ఎరువుల దుకాణం కూడా ఆయనదే. నాన్న కట్టించిన హాలు కదా అని అన్నాళ్లూ నడిపించాడు.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. చేలు ఎండిపోయాయి, హాలూ ఎండిపోయింది. సావుకారు మా ఇద్దరినీ దుకాణానికి పిలిపించాడు. "ఈ శుక్రవారం బొమ్మ వస్తాంది గదా. ఆదివారం మ్యాట్నీకి నేనే వచ్చి కూర్చుంటా. జనం ఉంటే నడుపుదాం. లేకుంటే కుర్చీలు పీకించి ఫంక్షన్ హాలు చేస్తా. పెళ్లిళ్లు కరువులో గూడా ఆగవు" అన్నాడు. కోపంగా అనలేదు. యూరియా బస్తా ధర చెప్పినట్టు చెప్పాడు. అందుకే మాకు భయమేసింది. ఆ హాలు తప్ప మా ఇద్దరికీ వేరే పని చేతకాదు.

అప్పుడొచ్చింది ఆ పోస్టర్. హీరో ఒక మోకాలు నేలకు ఆనించి, తల వంచి, పిడికిలితో నేలను గుద్దుతున్నాడు. చుట్టూ నేల పగుళ్లిచ్చి ఉంది. పగుళ్లలోంచి నీలం వెలుగు పైకి లేస్తోంది. మీరు ఇలాంటివి లెక్కలేనన్ని చూసి ఉంటారు. ఈ సినిమాల్లో పైనుంచి దిగే ప్రతివాడూ అలాగే దిగుతాడు, మోకాళ్ల నొప్పులు రాని వయసు మరి. దాని మీద ఏం కథ చెప్పాలో నాకు తోచలేదు. తల గోక్కుంటూ కొమరోలులో చింతచెట్టు కింద ఆటో ఆపాను. బస్సు కోసం కూర్చున్న రైతులు లేచి పోస్టర్ ముందు చేరారు.

"ఏంది, ఆ పిల్లోడు వంగి ఏం చేస్తాండాడు?" అని ఒకాయన అడిగాడు.

"బోరు పాయింటు చూస్తాండాడులే" అన్నాడు ఇంకొకాయన.

"మరి టెంకాయ యాడుంది?"

"వానికి టెంకాయ ఎందుకు, చేత్తోనే చూస్తాడు. కనపడలా? నీళ్లు గూడా తగిలినాయి. నీలంగా పైకొస్తాండాయి చూడు."

ఎగతాళి కాదు, నిజంగానే మాట్లాడుకుంటున్నారు. మా వైపు బోరు వేసే ముందు పాయింటు చూసేవాణ్ణి పిలిపిస్తారు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్లున్నాయని లెక్క. ఆ ఏడు ఊళ్లలో ఇంకో మాట లేదు. ఎవరి చేలో పడింది, ఎవరి చేలో దుమ్ము లేచింది, ఎన్ని ఇంచుల నీళ్లు, ఇదే మాట.

నేను తల బద్దలు కొట్టుకుంటున్న కథను వాళ్లు బస్సు కోసం కూర్చుని తేల్చేశారు. మైకు అందుకున్నాను.

"రండి బాబూ రండి! కరువు నేల మీద కాలు మోపిన కారణజన్ముడు! బోరు లారీలు చేతులెత్తేసిన చోట, టెంకాయ లేవని చోట, పిడికిలి బిగించి గుద్దితే పాతాళగంగ తన్నుకొచ్చే మహాద్భుత చిత్రం! శుక్రవారం నుంచి, మీ గిద్దలూరులో!"

టీ అంగడి ఆయన పొయ్యి వదిలేసి వచ్చాడు. ఒక ముసలాయన ఆటోలోకి తల పెట్టి, "ఎన్ని ఇంచులు పడతాయి?" అని రహస్యంగా అడిగాడు. నాలుగించుల పైనే అని చెప్పాను. తర్వాతి ఊళ్లో అయిదు చేశాను.

శుక్రవారం మ్యాట్నీకి ట్రాక్టర్లు కట్టుకుని వచ్చారు. కంబళ్లు భుజాన వేసుకున్న గొర్రెల కాపరులు, చద్దిమూటలతో ఆడవాళ్లు, ఎప్పుడూ హాలు గడప తొక్కని పెద్దమనుషులు. బెంచీలు చాలక కొంతమంది నేల మీద కూర్చున్నారు. నేను గేటు దగ్గర నిలబడి మీసం తిప్పాను.

మొదలైన కాసేపటికే హీరో ఆకాశం నుంచి దిగి, మోకాలు ఆనించి, రోడ్డును గుద్దాడు. హాలు మొత్తం లేచి నిలబడింది. ఈలలు, కేకలు. తెర మీద రోడ్డు బద్దలైంది, కార్లు ఎగిరాయి, అద్దాలు రాలాయి. నీళ్లు రాలేదు. ఇప్పుడొస్తాయి, ఇప్పుడొస్తాయి అని జనం నిలబడే ఉన్నారు. సీను మారిపోయింది. ముందు బెంచీ ఆయన కూర్చుంటూ, "ఒకటి ఫెయిలు" అన్నాడు.

రెండోసారి గుద్దినప్పుడు సగం మందే లేచారు. "ఇంకా లోతు పోవాల" అన్నారొకరు. "బండ తగిలింటది" అన్నారింకొకరు. ఇంటర్వెల్‌కు ముందు మూడోసారి గుద్దాడు. ఈసారి మేడ కూలి దుమ్ము లేచింది. బోరులోంచి దుమ్ము లేవడమంటే ఏమిటో ఆ హాల్లో అందరికీ తెలుసు.

"మూడోది గూడా పాయె! రేయ్, వీనికి పాయింటు చూసినోణ్ణి పట్టుకొని తన్నండ్రా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. పాయింటు చూసినవాణ్ణి అంటే నేనే. వెతికి పట్టుకున్నారు కూడా. చొక్కా గుండీలు తెగాయి. "ఏవిరా నీళ్లు?" అంటే, "ఇంటర్వెల్ తర్వాత వస్తాయి" అన్నాను. నోటికి ఆ క్షణాన వచ్చిన మాట అది.

విచిత్రం, వచ్చాయి. ఇంటర్వెల్ తర్వాత విలన్ ఒక లారీ ఎత్తి హీరో మీదికి విసిరాడు. అది తగలకుండా పోయి రోడ్డు పక్క నీళ్ల పైపును కొట్టింది. నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. కళ్లు మూసి తెరిచేంత సేపు, అంతే. హాలు దద్దరిల్లింది. "విలనే నయం రా! వాడు మొదటి దెబ్బకే పడేసినాడు!" అని ఒకడు అరిచాడు. అక్కడి నుంచి జనమంతా విలన్ పార్టీ. చివరికి హీరో విలన్‌ను చంపితే, "నీళ్లు తెచ్చినోణ్ణి చంపుతాడేంది, వీడు మనిషేనా?" అని ఆడవాళ్లు కూడా శాపనార్థాలు పెట్టారు. బయటికి పోతూ నన్నూ, నన్ను కన్నవాళ్లనూ కలిపి తిట్టారు.

పిల్లలూ, ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎవరు హీరో అన్నది మీరు రాసి పంపిస్తే సరిపోదు. హాల్లో కూర్చున్నవాడికి ఏం కావాలో అది తెచ్చినవాడే హీరో. మిగతావాడు ఎంత ఎగిరినా వృథా.

అంతమందిలో ఒక్క పెద్దమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ బయటికి వచ్చింది. కొమరోలు అవతల పల్లె ఆమెది. "బలే బొమ్మ నాయనా" అంది. ఎత్తిపొడుస్తోందేమో అనుకున్నాను.

"నీళ్లు రాలేదని అందరూ తిడతాంటే నీకు బాగుందా పెద్దమ్మా?"

"అదే గదా బాగుండేది! మూడుసార్లు గుద్దినాడు, చుక్క రాలే. అంత కండలున్నోనికే రాకపోతే మా ముసలాయనకు వస్తాయా?"

వాళ్లాయన చేలో మూడు బోర్లు వేయించాడట. మూడూ దుమ్మే. ఇప్పుడు నాలుగోది వేయిస్తానని పట్టుబట్టాడు. దానికి గొర్రెల మందను అమ్మేస్తున్నాడు. సోమవారం పొద్దున బేరగాడు మందను తోలుకుపోతాడు, ఆ వెనకే బోరు లారీ వస్తుంది. ఆ ఏడు వాళ్లింట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ గొర్రెల వల్లే. "నేను చెప్తే వినడు, కొడుకులు చెప్తే వినడు. ఆదివారం దాకా ఉంటదా ఈ బొమ్మ? తోలుకొచ్చి కూర్చోబెడతా. చూసి బుద్ధి తెచ్చుకుంటాడు" అంది.

"ఉంటది పెద్దమ్మా, తోలుకొనిరా" అన్నాను. ఆ రోజు నాతో మంచిగా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

బొమ్మ ఉంటుందని చెప్పానే గానీ, చూడ్డానికి ఎవరొస్తారు? శనివారం పొద్దున నేనూ ఆపరేటర్ అన్నా మెషిన్ గదిలో మొహాలు వేలాడేసుకుని కూర్చున్నాం.

"వాళ్లకు కావాల్సింది నీళ్లు, అంతే గదా?" అన్నాడు ఉన్నట్టుండి.

"బొమ్మలో లేని నీళ్లు యాడ తెస్తామన్నా?"

"లేకేం, ఉండాయి. తప్పు చోట ఉండాయి."

కత్తెర తీశాడు. విలన్ పైపు పగలగొట్టిన ముక్కను రీల్లోంచి కత్తిరించాడు. చివరి రీల్లో హీరో విలన్‌ను చంపి, నిన్న తిట్ల గోలలో ఎవరూ లెక్కపెట్టని ఆఖరి గుద్దు, అంటే నాలుగోది, గుద్దే చోట ఆ ముక్కను అతికించాడు. ఇప్పుడు హీరో గుద్దితే నీళ్లు. ఆటో తీసుకుని బయల్దేరాను. "ప్రేక్షక మహాశయులకు మనవి! నిన్న పొరపాటున నీళ్లు లేని పెట్టె వచ్చింది! నేడు నీళ్లున్న పెట్టె దిగింది!" అని ఊరూరా చెప్పాను. జనం నమ్మారు. ఎరువుల్లో కల్తీ ఉంటుంది, విత్తనాల్లో కల్తీ ఉంటుంది, సినిమా పెట్టెలో మాత్రం ఎందుకు ఉండదు?

శనివారం ఆటలు చూడాలి మీరు! ఆఖరి గుద్దు పడింది, నీళ్లు లేచాయి, హాలంతా టవళ్లు గాల్లోకి లేచాయి. లారీ గుద్దిన చప్పుడు కూడా నీళ్లతో పాటే వచ్చింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. తెర వైపు చూడని మా అన్న ఆ రోజు మెషిన్ గది కన్నంలోంచి కళ్లార్పకుండా చూశాడు. "ఇన్నేండ్లూ ఎవరెవరి బొమ్మలో ఆడించినా. ఇది నా బొమ్మరా" అన్నాడు.

ఆదివారం మ్యాట్నీకి హాలు కిక్కిరిసింది. సావుకారు బావమరిదితో వచ్చి బాల్కనీలో కూర్చున్నాడు. "ఇట్ల జనం వస్తే నేనెందుకు మూస్తా?" అని నా భుజం తట్టాడు. ఆ మాట పట్టుకుని గాల్లో తేలుతూ కిందికి దిగానా, ముందు బెంచీలో పెద్దమ్మ కనబడింది. పక్కన పొడుగ్గా, ఎండు కట్టెలా వాళ్లాయన. "నీళ్లు యాడొస్తాయి? మైకులో అయిదించులు అన్నాడంట గదా?" అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. పెద్దమ్మ నన్ను చూసి చెయ్యి ఊపింది.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఆ మనిషి బుద్ధి తెచ్చుకోవడానికి వచ్చాడు. మేము చూపించబోయేది నాలుగో గుద్దుకు నీళ్లు పడడం. అది చూశాక ఇంకెవరు ఆపగలరు ఆయన్ను?

మెషిన్ గదికి పరిగెత్తాను. "అన్నా, నీళ్లు తీసెయ్యాల."

"పిచ్చి గానీ పట్టిందా? సావుకారు పైన కూర్చోని ఉండాడు. నీళ్లు రాకపోతే జనం హాలు పీకుతారు. వాళ్లు పీకకపోతే ఆయన పీకుతాడు."

"తెలుసన్నా" అని మొత్తం చెప్పాను. పెద్దమ్మ సంగతి, గొర్రెల సంగతి, సోమవారం సంగతి.

ఆయన బనీనుతో మొహం తుడుచుకున్నాడు. మెషిన్ కటకటలాడుతూ తిరుగుతూనే ఉంది. "ఎన్నో బోరు అన్నావ్?" అన్నాడు చివరికి.

"నాలుగోది."

"మా నాయన నాలుగోది వేసినాకనే నేను బడి మానేసి ఈ గదిలోకి వచ్చినా" అన్నాడు. చివరి రీలు తీసి, అతుకు వెతికి, తన చేత్తో తనే కత్తిరించాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

ఆఖరి గుద్దు దగ్గరికి వచ్చేసరికి హాలంతా నిలబడి ఉంది. నిన్న చూసినవాళ్లు పక్కవాళ్లను పొడుస్తున్నారు, "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అని. టవళ్లు చేతుల్లో సిద్ధంగా ఉన్నాయి. హీరో పిడికిలి ఎత్తాడు. గుద్దాడు. దుమ్ము లేచింది. ఆ తర్వాత ఇంగ్లీషులో పేర్లు పడడం మొదలైంది. వెనకెక్కడో మొదటి కుర్చీ విరిగిన చప్పుడు. మిగతా కుర్చీలు ఎక్కువసేపు ఆగలేదు. ఎవరిదో చెప్పు తగిలి తెర మధ్యలో చిరిగింది.

సావుకారు మెట్లు దిగుతూ ఆగి, హాలంతా ఒకసారి కలియజూశాడు. "ఫంక్షన్ హాలుకు ఎట్లయినా కుర్చీలు పీకించాల్సిందే. కూలి ఖర్చు మిగిలింది" అని బావమరిదితో అన్నాడు. మా వైపు చూడలేదు.

హాలు పోయింది. పోతే పోయింది, ఒక మంద నిలబడింది కదా అనుకుంటూ బయటికి వచ్చాను. అక్కడ పెద్దమ్మ మొగుడు ట్రాక్టర్ తొట్టి ఎక్కి ఉపన్యాసం ఇస్తున్నాడు. చుట్టూ పదిమంది. "నీళ్లు ఎట్ల వస్తాయి? వాడు పాయింటు చూసుకోకుండా యాడబడితే ఆడ గుద్దినాడు! నాలుగింటికి ఒక టెంకాయ గూడా తిప్పలా! నాకట్ల గాదు, పాయింటు కరెక్టుగా పెట్టించినా. రేపు మా చేనుకాడికి రాండి, నీళ్లంటే ఎట్ల వస్తాయో చూపిస్తా!" అంటున్నాడు. మనిషి మొహం వెలిగిపోతోంది.

పెద్దమ్మ దగ్గరికి పోయి, "తప్పయిపోయింది పెద్దమ్మా. ఇంత చేసినా ఆయనకు బుద్ధి రాలే" అన్నాను.

"సినిమా చూసి బుద్ధి తెచ్చుకున్న మొగోణ్ణి నా జన్మలో చూడలే నాయనా" అంది నిదానంగా. "ఆయన మంద కాపలా ఇడిసి కదిలేవాడు గాదు. నేను యాడ దాటిస్తానో అని అనుమానం. నువ్వు మైకులో నీళ్లన్నావు గాబట్టి వచ్చినాడు. మేము ఈడ కూర్చోంగానే మా తమ్ముడు ఆడ లారీకి మందనెక్కించినాడు. ఈపాటికి కంభం చెరువు కింద దింపింటాడు. వానలు పడేదాకా ఆడనే ఉంటాయి."

"మరి శుక్రవారం నాతో బుద్ధి తెచ్చుకుంటాడు అన్నావే?"

"ఊరూరా మైకులో చెప్పేవాడివి. నీతో నిజం చెప్తే దాగతాదా?"

ట్రాక్టర్ కదిలింది. తొట్టిలో మొగుడు ఇంకా అందరినీ రేపటికి పిలుస్తున్నాడు. పెద్దమ్మ ఎక్కుతూ, ఆయన వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇప్పుడే చెప్తే దోవంతా ఏడుస్తాడు. ఇంటికి పోయినాక ఎట్లాగూ తెలుస్తది. అందాకా సంబరపడనీ" అంది.

హాల్లో ఇంకా కుర్చీలు విరుగుతూనే ఉన్నాయి. ఆపరేటర్ అన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, బనీను చెమటతో తడిసిపోయింది. "ఏమన్నదిరా?" అని అడిగాడు. చెప్పాను. ఒక్క మాట కూడా దాచకుండా చెప్పాను. ఆయన రోడ్డు వైపే చూస్తూ విన్నాడు.

"అయితే నా నీళ్లు అట్లనే ఉంచినా గొర్రెలు బతికేవే" అన్నాడు.

"బతికేవే అన్నా."

తల ఊపాడు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమోనని కంగారుగా వంగి చూశాను. కళ్లలోంచి నీళ్లు కారేట్టు నవ్వుతున్నాడు, పక్కన చోటు చూపించి నన్ను కూడా కూర్చోమన్నాడు.